పావు అంటే ఎంత? డబ్బు, గడియారం, క్యాలెండర్ నేర్పే లెక్కలు

క్లుప్తంగా: ప్రాథమిక తరగతుల్లో డబ్బు, గడియారం, క్యాలెండర్ పాఠాలను ‘నిజజీవిత గణితం’ పేరుతో ఒకే గాట కడుతున్నారు. ఈ మూడింటి లెక్క తీరు మాత్రం ఒకటి కాదు. రూపాయి వందతో నడుస్తుంది, గంట అరవైతో, వారం ఏడుతో. బడిలో నేర్పే నిలువు తీసివేత వీటిలో మొదటిదానికే అచ్చంగా సరిపోతుంది. కిరాణా కొట్టులో చిల్లర లెక్కపెట్టి ఇచ్చే పద్ధతి మూడింటికీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో నగదు వాడకం తగ్గే కొద్దీ ఆ పద్ధతి పిల్లలకు కనిపించకుండా పోతోంది.

అవే అంకెలు, ఒకచోట ఒప్పు, ఒకచోట తప్పు

బస్సు 9 గంటల 40 నిమిషాలకు బయలుదేరి 11 గంటల 15 నిమిషాలకు చేరింది. ప్రయాణానికి ఎంతసేపు పట్టింది? నాలుగో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో ఇలాంటి లెక్కకు తరచూ కనిపించే జవాబు ‘1 గంట 75 నిమిషాలు’.

ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. నేర్పిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటిస్తేనే ఈ జవాబు వస్తుంది. 11.15 కింద 9.40 రాస్తారు. 5లోంచి 0 పోతే 5. 1లోంచి 4 పోదు కాబట్టి పక్కనుంచి తెచ్చుకుంటారు, 11లోంచి 4 పోతే 7. మిగిలిన 10లోంచి 9 పోతే 1. ఇవే అంకెలు రూపాయలూ పైసలూ అయితే జవాబు నూటికి నూరుపాళ్లూ ఒప్పు: 11 రూపాయల 15 పైసల్లోంచి 9 రూపాయల 40 పైసలు పోతే 1 రూపాయి 75 పైసలే మిగులుతాయి.

గంటను విడదీస్తే వచ్చేవి 60 నిమిషాలు. పిల్లలు తెచ్చుకున్నది 100. అసలు జవాబు 1 గంట 35 నిమిషాలు. 75కూ 35కూ తేడా 40, వందకూ అరవైకీ తేడా కూడా 40. ఎక్కడ దారి తప్పిందో ఆ తప్పులోనే రాసి ఉంది. కొందరు పెద్దలు ‘75 నిమిషాలు అంటే గంటా పావు కదా’ అని దిద్ది, 2 గంటల 15 నిమిషాలు అని రాయిస్తారు. అప్పుడు తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఇంకొందరు ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. అప్పుడు పిల్లలకు చేరేది ‘నాకు లెక్కలు రావు’ అన్న భయం ఒక్కటే. నియమం తెలిసి, దాన్ని శ్రద్ధగా పాటించిన బిడ్డ మీద ‘లెక్కల్లో వీక్’ అన్న ముద్ర పడటం చాలా అన్యాయం.

వందతో రూపాయి, అరవైతో గంట

డబ్బు లెక్క మొదటి నుంచీ ఇంత సులువుగా లేదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసకు 3 పైలు. అంటే రూపాయికి 64 పైసలు, 192 పైలు. హైదరాబాద్ సంస్థానంలో దీనికి తోడు సొంత రూపాయి ఉండేది. హాలీ సిక్కా అని పిలిచే ఆ రూపాయలు 7 ఇస్తే భారత రూపాయలు 6 వచ్చేవి. 1959లో దాని చెలామణీ ముగిసేదాకా బజారుకు వెళ్లిన వాళ్లకు ఏడు-ఆరు లెక్క తప్పలేదు. ఆ తరం పిల్లలకు డబ్బు కూడా గడియారంలాగే ఉండేది: ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో సంఖ్యతో మారే లెక్క.

దశాంశ నాణేలతో డబ్బూ, బడి అంకెలూ ఒకే దారిలోకి వచ్చాయి. గడియారం రాలేదు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు అని శాసించి, 1795లోనే ఆ ప్రయత్నం మానుకుంది. బాబిలోనియా కాలం నుంచి వస్తున్న అరవై అలాగే నిలిచింది. దానికో సుగుణం ఉంది. గంటను మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 20 నిమిషాలు. వంద పైసలను ముగ్గురికి సమానంగా పంచలేం.

కాబట్టి డబ్బు ముందు, గడియారం తరువాత అన్న పాఠ్యపుస్తకాల వరుస సరైనదే. ఇబ్బంది ఎక్కడంటే, రెండో పాఠం మొదలయ్యేటప్పుడు ‘ఇక్కడ తెచ్చుకునేది వంద కాదు, అరవై’ అన్న మాట గట్టిగా వినిపించదు.

చిల్లర ఇచ్చే చెయ్యి

కిరాణా కొట్టులో 63 రూపాయల సరుకు కొని వంద నోటు ఇచ్చినప్పుడు, అలవాటైన దుకాణదారు తీసివేత చేయడు. ‘అరవై మూడు’ అని మొదలుపెట్టి, రెండు రూపాయల బిళ్ల పెట్టి ‘అరవై ఐదు’ అంటాడు. ఐదు బిళ్ల పెట్టి ‘డెబ్భై’. పది నోటు పెట్టి ‘ఎనభై’, ఇరవై నోటు పెట్టి ‘వంద’. కొన్నవాళ్ల చేతిలో 37 రూపాయలు పడ్డాయి. ఎక్కడా అప్పు తెచ్చుకోలేదు. తీసివేత లెక్కను కూడికగా మార్చి, ఆగడానికి వీలైన చోటల్లా ఆగుతూ వెళ్లాడు, అంతే.

ఈ మజిలీల పద్ధతిని గడియారానికి పెడితే: 9:40 నుంచి 10 దాకా 20 నిమిషాలు, 10 నుంచి 11 దాకా గంట, అక్కడి నుంచి 15 నిమిషాలు. మొత్తం 1 గంట 35 నిమిషాలు. క్యాలెండర్‌కు పెడితే: జులై 24 నుంచి జులై 31 దాకా 7 రోజులు, అక్కడి నుంచి ఆగస్టు 9 దాకా 9 రోజులు, మొత్తం 16. డబ్బులో మజిలీ పది, వంద. గడియారంలో నిండు గంట. క్యాలెండర్‌లో నెలాఖరు. మజిలీ ఎక్కడ అన్నదే మారుతుంది, నడక మారదు. నెదర్లాండ్స్ ప్రాథమిక బడుల్లో అంకెలు వేయని గీత మీద గెంతులు గీస్తూ ఇదే పని చేయిస్తారు. దాన్ని ఖాళీ సంఖ్యారేఖ అంటారు. మన కిరాణా కొట్లలో గీత లేదు, గల్లాపెట్టె ఉంది.

నిలువు తీసివేత అక్కర్లేదని దీని అర్థం కాదు. నాలుగైదు అంకెల సంఖ్యలకు అదే దిక్కు. అయితే తేడా కనుక్కోవడానికి అదొక్కటే దారి అన్నట్టు నేర్పడం వల్ల పిల్లలు గడియారం దగ్గర బోల్తా పడుతున్నారు.

ఈలోగా బజారు మారిపోయింది. 2016లో మొదలైన యూపీఐలో, 2023 ఆగస్టు నాటికి ఒక్క నెలలో జరిగే లావాదేవీలు 1,000 కోట్లు దాటాయి. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ దుకాణం నుంచి తోపుడు బండి దాకా క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. నగదుతో కొన్నప్పుడు మూడు లెక్కలు పడతాయి: మొత్తం ఎంత, ఏ నోట్లు ఇవ్వాలి, తిరిగి ఎంత రావాలి. ఫోన్‌తో కట్టినప్పుడు మొదటిది ఒక్కటే మిగులుతుంది. సూపర్ మార్కెట్‌లో అదీ మిషనే చేసేస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో బాలికలకు, మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. లక్షలాది కుటుంబాలకు అది పెద్ద ఊరట. అమ్మ పక్కన కూర్చుని కండక్టర్ ఇచ్చే చిల్లర చూసే సందర్భం మాత్రం దానితో పాటే తగ్గింది.

ఈ మార్పు అందరు పిల్లల మీదా ఒకేలా పడలేదు. బస్తీలో యాభై నోటు పట్టుకుని పాల ప్యాకెట్‌కు వెళ్లే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. సరుకులు ఇంటి తలుపు దాకా వచ్చే అపార్ట్‌మెంట్ పిల్లలకు చిల్లర అన్న మాటే కొత్త. లెక్కల పాఠ్యపుస్తకం ఈ ఇద్దరికీ ఒకే అనుభవం ఉందనుకుని మొదలవుతుంది.

పైసల సంగతి మరీ విచిత్రం. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణీ నుంచి తప్పుకున్నాయి. 50 పైసలు చట్టప్రకారం చెల్లుతుంది కానీ చేతికి రాదు. అయినా రూపాయలు-పైసలు లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి. వాటిని తీసేయాలన్న వాదన ఒకటుంది. తీసేస్తే నష్టమే, ఎందుకంటే దశాంశ బిందువు అర్థం కావడానికి పిల్లలకున్న మొదటి మెట్టు అదే. ఐదు రూపాయల ఐదు పైసలను 5.5 అని రాసే తప్పు ఇక్కడ దొరక్కపోతే ఏడో తరగతిలో మీటర్లు, సెంటీమీటర్ల దగ్గర దొరుకుతుంది. నాణెం కనబడకపోయినా పెట్రోల్ బంకు ధరల బోర్డు మీద, బ్యాంకు పాసుపుస్తకంలో పైసలు కనబడతాయి. పాఠం అక్కడి నుంచి మొదలుకావచ్చు.

రెండు ముళ్లు

గడియారం ముఖం మీద అంకెలు ఒక్క వరుసే, కొలతలు రెండు. చిన్న ముల్లుకు 3 అంటే మూడు, పెద్ద ముల్లుకు అదే 3 అంటే పదిహేను. ఐదో ఎక్కం నోటికి రాని బిడ్డకు ఈ రెండో చదువు అసాధ్యం. ఎక్కం రాకముందే గడియారం పాఠం వచ్చేస్తే తప్పు బిడ్డది కాదు, వరుసది.

అట్ట గడియారంతో వచ్చే చిక్కు ఇంకొకటి. అట్ట మీద గుండుసూదితో బిగించిన ముళ్లు దేనికది తిరుగుతాయి. 3:45 చూపించమంటే చిన్న ముల్లును సరిగ్గా 3 మీద, పెద్ద ముల్లును 9 మీద పెడతారు. నిజమైన గడియారంలో ఆ వేళకు చిన్న ముల్లు దాదాపు 4 దగ్గర ఉంటుంది. దాన్ని చూసి పిల్లలు ‘4:45’ అంటారు. బడిలో చూసినదీ గోడ మీద ఉన్నదీ ఒకటి కాకపోవడమే దీనికి కారణం. పాత గడియారం వెనక చక్రం తిప్పితే రెండు ముళ్లూ కలిసి కదులుతాయి; దాని ముందు అట్ట బొమ్మ దిగదుడుపే. మొదట పెద్ద ముల్లు తీసేసి, చిన్న ముల్లుతోనే ‘మూడు దాటింది, నాలుగు కాలేదు, నాలుగుకు దగ్గరగా ఉంది’ అనిపించడం ఇంకా మంచి ఆరంభం.

ఫోన్ చూసి టైమ్ చెప్పేస్తున్నారు కదా, ముళ్ల గడియారం ఎందుకు అన్న ప్రశ్న తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఫోన్ 5:45 అని చూపిస్తుంది. ఆరు కావడానికి ఇంకా ఎంత ఉందో ముళ్ల గడియారం మీద ఖాళీ జాగాగా కంటికి ఆనుతుంది. మజిలీల లెక్కకు కావలసింది ఆ జాగాయే. హైదరాబాద్‌లో దీనికి బోధనోపకరణం కొనక్కర్లేదు. చార్మినార్ నాలుగు ముఖాలకూ 1889లో అమర్చిన గడియారాలున్నాయి, సికింద్రాబాద్‌లో 1897 నాటి క్లాక్ టవర్ ఉంది, మొజంజాహీ మార్కెట్ మీద ఇంకొకటి ఉంది.

గోడ మీది క్యాలెండర్

మూడింటిలో బడి అతి తక్కువగా వాడుకునేది ఇదే. వారాల పేర్లు, నెలల పేర్లు వల్లె వేయించి, పిడికిలి కణుపుల మీద 31, 30 లెక్కపెట్టించి వదిలేస్తారు. తెలుగు ఇళ్లలోని గోడ క్యాలెండర్ అంతకన్నా చాలా పెద్ద లెక్కల పుస్తకం.

ఉదాహరణకు రాహుకాలం పట్టిక. నమ్మకం సంగతి పక్కన పెట్టి, అంకెలుగా మాత్రమే చూడవచ్చు. ఆదివారం 4:30 నుంచి 6:00, సోమవారం 7:30 నుంచి 9:00, ఇలా ఏడు వారాలకు ఏడు వరుసలు. అన్నిటికీ ఒకే నిడివి ఉందా అని నాలుగో తరగతి పిల్లలను చూడమంటే బుధవారం దగ్గర ఆగిపోతారు: 12:00 నుంచి 1:30. ఒకటిలోంచి పన్నెండు పోదు. నిలువు తీసివేత ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది. ముందుకు లెక్కపెడితే మాత్రం గంటన్నర వెంటనే తేలుతుంది. పగటి పన్నెండు గంటలను ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి గంటన్నర అన్నది ఐదో తరగతికి భాగహారం లెక్క.

బతుకమ్మతో ఇంకో లెక్క. తొమ్మిది రోజుల పండుగ 5వ తేదీన మొదలైతే సద్దుల బతుకమ్మ 13న వస్తుంది. 13లోంచి 5 పోతే 8. తొమ్మిదో రోజు ఎక్కడికి పోయింది? మొదటి రోజును కూడా లెక్కలో వేస్తున్నామా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న. బస చేసిన రాత్రులు అడిగితే 8 ఒప్పు, ఆడిన రోజులు అడిగితే 9 ఒప్పు. డాక్టర్ ఐదు రోజులకు మందు రాసి, సోమవారం పొద్దున మొదలుపెట్టమంటే అది శుక్రవారంతో అయిపోతుంది, శనివారం దాకా రాదు. పెద్దవాళ్లు సెలవు చీటీలో తడబడేదీ ఇక్కడే. ఈ ఒక్క విషయం మీద రెండు పీరియడ్లు గడిపినా వృథా కాదు.

ఏడు ఎక్కానికి బోనాలు ఉన్నాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు ఒక ఆదివారం, లాల్‌దర్వాజ బోనాలు ఆ తరువాతి ఆదివారం. 2025లో జులై 13, 20. క్యాలెండర్‌లో ఏ నిలువు వరుస చూసినా ఏడేడు చొప్పున పెరుగుతుంది. 365లో 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది కాబట్టి ఈ ఏడాది సోమవారం వచ్చిన పుట్టినరోజు వచ్చే ఏడాది మంగళవారం వస్తుంది, మధ్యలో ఫిబ్రవరి 29 పడితే బుధవారం. శేషం అంటే ఏమిటో ఇంతకన్నా దగ్గరగా చూపించే ఉదాహరణ దొరకదు.

పాతబస్తీ తరగతి గదిలో ఇంకో ప్రశ్న సహజంగా వస్తుంది: రంజాన్ ఏటేటా ఎందుకు ముందుకు జరుగుతోంది? చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు, సూర్యుడి లెక్కన 365. తేడా 11. తెలుగు పంచాంగం కూడా చంద్రుడితోనే నడుస్తుంది కదా, మరి బోనాలు చలికాలంలోకి ఎందుకు జరగవు? 11 చొప్పున మూడేళ్లకు 33 రోజులు, అంటే ఒక నెల పైచిలుకు. ఆ తేడా పోగుపడ్డప్పుడల్లా పంచాంగం ఒక అధికమాసం కలుపుతుంది. 2023లో అధిక శ్రావణం అలాగే వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. పక్కపక్క బెంచీల మీద కూర్చున్న పిల్లల ఇళ్లలోని రెండు పండుగలు ఒకే తీసివేతతో అర్థమవుతాయి. బీరువాల్లోని నిజాం కాలపు కాగితాల మీద ఉండే ఫసలీ సంవత్సరం కూడా కూడిక లెక్కే: 1357 ఫసలీకి 590 కలిపితే 1947.

మూడు భాషల పావు

పావు అంటే ఎంత? రూపాయిలో అయితే 25, గంటలో 15, కిలోలో 250. జవాబు ఆ మాటలో లేదు, దేంట్లో పావు అన్న దాంట్లో ఉంది. భిన్నాల పాఠంలో సగం సారం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. తెలుగులో పావు, అర, ముప్పావు డబ్బుకూ కాలానికీ తూకానికీ ఒకేలా నడుస్తాయి కాబట్టి ఆ సారం మాట్లాడే భాషలోనే సిద్ధంగా ఉంది.

హైదరాబాద్ పిల్లలు దీన్ని మూడు భాషల్లో వింటారు. 5:45ను తెలుగులో ఐదుంముప్పావు అంటే లెక్క ఐదు నుంచి ముందుకు నడిచినట్టు. ఉర్దూలో పౌనే ఛే, ఇంగ్లీషులో క్వార్టర్ టు సిక్స్ అంటే ఆరు నుంచి వెనక్కి చూసినట్టు. ఒకే వేళకు రెండు దిక్కుల చూపు. దీన్ని గందరగోళం అని కొట్టేయడం పొరపాటు. 45 కలపడమూ 60లోంచి 15 తీయడమూ ఒకటే అని ఇంతకన్నా సహజంగా చెప్పలేం. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అన్న సామెత నగరంలో ఇంకా వినిపిస్తుంది. నాలుగణాల కోడి, పన్నెండణాల మసాలా. మసాలా ఖర్చు కోడికి ఎన్ని రెట్లు అన్నది మూడో తరగతి లెక్క.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియంతో పాటు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. ఈ రెండు పేజీల మధ్య రాకపోకలకు గడియారం పాఠం మంచి చోటు. ఇంటర్నెట్ నుంచి దించుకునే వర్క్‌షీట్లతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చాలావాటిలో క్వార్టర్ అంటే అమెరికా 25 సెంట్ల నాణెం. మన నాణేలు, నోట్లు 1, 2, 5 వరుసలో ఉన్నాయి. ఆ బొమ్మలతో నేర్చుకున్న బిడ్డకు ఇక్కడి గల్లాపెట్టె అర్థం కాదు.

బజారు లెక్క బడి దాకా ఎందుకు రాదు

బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లల మీద జరిగిన పరిశీలన 1985లో వెలువడింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో వాళ్లు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు ఉత్తి అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 శాతానికి పడిపోయారు. 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అంటే, సున్నా చేర్చడం కాకుండా మూడింటికి 105, ఇంకో మూడింటికి 210 అంటూ పోగేసుకుంటూ ఒకరు 350కి చేరారు. 2025లో వెలువడిన మరో అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలలో ఇదే చూసింది, దాంతో పాటు దీనికి తిరగబడ్డ బొమ్మను కూడా: బడిలో లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒకవైపు వచ్చినంత మాత్రాన రెండోవైపు దానంతటదే రాదు.

14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద జరిగిన 2017 అసర్ (విద్యా స్థితి వార్షిక నివేదిక) సర్వేలో 76 శాతం మంది డబ్బు సరిగ్గా లెక్కపెట్టారు. గడియారంలో గంట చెప్పినవారు 83 శాతం, నిమిషాలు చెప్పినవారు 60 శాతం లోపే. ఆ సర్వే గ్రామాలది, నగరానికి అచ్చంగా అన్వయించలేం. అయినా గంటకూ నిమిషానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ, ఒకే అంకెల వరుస మీద రెండు కొలతలు చదవడం ఎంత కష్టమో చెబుతోంది.

ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో అమ్మానాన్నల పక్కన నిలబడి 40 రూపాయల కిలో టమాటా ముప్పావు కిలో ఎంతో క్షణంలో చెప్పే పిల్లలు తరగతిలో చివరి బెంచీలో ఉండటం అందుకే. వాళ్ల లెక్క ఎలా చేశారో బోర్డు దగ్గర చెప్పమని అడిగేవాళ్లు లేకపోతే రెండు లెక్కల మధ్య గోడ అలాగే ఉంటుంది. అరకిలో 20, పావు 10, మొత్తం 30 అని ఆ బిడ్డ చెప్పినదాన్నే పక్కన అంకెల్లో రాయడం ఉపాధ్యాయుల పని.

తరగతిలో, ప్రశ్నపత్రంలో

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలన్న కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యానికి గడువు 2026-27. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కూడా ఈ పునాది కోసమే. ఇలాంటి కార్యక్రమాల్లో లెక్క వచ్చిందా లేదా అన్నది చివరికి జవాబు అంకెతో తేలుతుంది. ‘3 గంటలకు ఎన్ని నిమిషాలు’ అన్న ప్రశ్నకు గుణకారం వస్తే చాలు, గడియారం తెలియక్కర్లేదు. 9:40 నుంచి 11:15 లాంటి ప్రశ్నకు తెలియాలి. పేపర్లో మొదటి రకమే ఎక్కువుంటే తరగతి గదిలోనూ అదే ఎక్కువవుతుంది.

నగదు ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు. ఇంట్లో దొరికిన అనుభవాన్ని బడి ఇకమీద తానే కల్పించాలి. కాగితం నోట్లతో తరగతిలో కొట్టు పెట్టడం చాలా బడుల్లో ఉంది. అందులో పిల్లలను ఎప్పుడూ కొనేవాళ్లుగానే నిలబెడుతున్నారు. చిల్లర లెక్క పడేది అమ్మేవాళ్లకు, కాబట్టి ప్రతి బిడ్డా వంతులవారీగా గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి, పైకి వినబడేలా లెక్కపెట్టి చిల్లర ఇవ్వాలి. కొన్ని వారాల తరువాత అదే నడకను గడియారం మీదికి, ఆపైన క్యాలెండర్ మీదికి తీసుకెళ్లవచ్చు. దిద్దేటప్పుడు కూడా చూడాల్సింది ఆ నడకనే. బస్సు లెక్కలో జవాబు తప్పినా, పక్కన 20 నిమిషాలు, 1 గంట, 15 నిమిషాలు అని మజిలీలు రాసుకున్న బిడ్డకు ఆ మూడింటికీ మార్కులు పడాలి.